చెట్టు నుంచి గీత దాకా: చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ జీవితం



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితం రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడిగారు. కాటన్ దొర గారి గురించి, విశ్వేశ్వరయ్య గారి గురించి మన మిత్రులు ఇదివరకే చక్కగా రాసి ఉన్నారు. అందుచేత నేను మనలో చాలామందికి పేరు తెలియని ఒకాయన గురించి రాస్తున్నాను. పేరు తెలియకపోయినా ఆయన వేసిన బొమ్మ మీరందరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. తెల్లని నేల మీద నల్లని అడ్డగీతలు, నిలువుగీతలు, మధ్యలో ఒక గడిలో ఎరుపు, ఒక గడిలో నీలం, ఒక మూల పసుపు. చేతిసంచుల మీద, కాఫీ కప్పుల మీద, దుకాణాల బోర్డుల మీద ఆ నమూనా కనిపిస్తూ ఉంటుంది. దానికి మూలపురుషుడు హాలండ్ దేశస్థుడైన పీట్ మోండ్రియాన్. 1872లో పుట్టి 1944లో కన్నుమూశారు.

నేను డ్రాయింగ్ బ్రాంచిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసినవాడినని మీకు తెలుసు. టీ-స్క్వేరు, సెట్ స్క్వేర్లు, ట్రేసింగ్ క్లాత్, ఇండియన్ ఇంకు, ఇవే నా ప్రపంచం. కాలువ గట్లకు, తూములకు, వంతెనలకు ఎన్ని గీతలు గీశానో లెక్కలేదు. ఆర్కిటెక్చరు చదువుతున్న నా మనవరాలు రెండేళ్ళ క్రితం సెలవులకు వచ్చినప్పుడు తన పుస్తకంలో ఈ గళ్ళ బొమ్మ చూపించింది. ఇది మా ఆఫీసులో కొత్తగా చేరిన ట్రేసరు కూడా అరగంటలో గీసేవాడని నవ్వేశాను. ఆ పిల్ల నాతో వాదించలేదు. ముందు ఈయన వేసిన చెట్లు చూడు తాతయ్యా, ఆ తరువాత గళ్ళ సంగతి మాట్లాడుకుందామని, కంప్యూటరులో ఒక్కొక్క చెట్టు వరుసగా చూపించింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఈయన జీవితం గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. ఆ తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

బడిపంతులు గారి అబ్బాయి

మోండ్రియాన్ 1872 మార్చి 7వ తేదీన ఆమర్స్‌ఫోర్ట్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి ప్రధానోపాధ్యాయుడు. క్రైస్తవంలో కాల్వినిస్టు శాఖకు చెందిన నిష్ఠాపరుడు. ఇంట్లో క్రమశిక్షణ ఎక్కువ. తండ్రికి డ్రాయింగు బాగా వచ్చు. పినతండ్రి ఫ్రిట్స్ చిత్రకారుడు. ఇద్దరి దగ్గరా కుర్రవాడికి చేయి తిరిగింది. 1880లో తండ్రికి వింటర్స్‌వైక్‌లో ఉద్యోగం కావడంతో కుటుంబం అక్కడికి తరలివెళ్ళింది.

కొడుకు చిత్రకారుడవుతానంటే ఏ తండ్రికైనా భయమే. అన్నం ఎలా దొరుకుతుందన్న ప్రశ్న అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అందుకని ఆ అబ్బాయి మొదట డ్రాయింగు మాస్టారు పరీక్షలు రాసి, బడులలో బొమ్మలు నేర్పడానికి సర్టిఫికెట్లు సంపాదించాడు. 1892లో, ఇరవయ్యో ఏట, ఆమ్‌స్టర్‌డామ్‌లోని చిత్రకళా అకాడమీలో చేరాడు.

తరువాత పదిహేనేళ్ళు సాదాసీదా జీవితం. పిల్లలకు డ్రాయింగు పాఠాలు చెప్పారు. మ్యూజియంలోని పాత చిత్రాలకు నకళ్ళు వేసి అమ్మారు. ఒక ఆచార్యుని కోసం సూక్ష్మజీవుల బొమ్మలు కూడా గీసిపెట్టారు. మిగిలిన వేళల్లో సామాను భుజాన వేసుకుని ఊరి బయటకు పోయేవారు. గాలిమరలు, ఏటి ఒడ్డు పొలం ఇళ్ళు, సాయంత్రం చీకట్లో నీళ్ళలో నీడలు పడే చెట్లు, ఇవీ ఆయన వేసిన బొమ్మలు. చూస్తే ఎవరికైనా అర్థమయ్యేవే. ఇంట్లో గోడకు తగిలించుకోవచ్చు. ఆయన అక్కడితో ఆగి ఉంటే హాలండ్‌లో మంచి ప్రకృతి చిత్రకారుడిగా పేరు నిలిచేది.

ఎర్ర చెట్టు, బూడిద రంగు చెట్టు

1908లో ఆయన డోంబర్గ్ అనే సముద్రతీర గ్రామానికి వెళ్ళారు. అక్కడ యాన్ తోరోప్ అనే పెద్ద చిత్రకారుడి చుట్టూ కొందరు కళాకారులు చేరేవారు. ఆ తీరంలోని వెలుతురు ఆయన రంగులను మార్చివేసింది. అంతకుముందు గోధుమ రంగు, ముదురు ఆకుపచ్చ వాడే మనిషి ఒక్కసారిగా నీలం, ఎరుపు పట్టుకున్నారు. 1908లో మొదలుపెట్టి 1910లో ముగించిన ఎర్ర చెట్టు ఆ కాలం నాటిది. వెనుక అంతా నీలం. ముందు ఆకులు రాలిన ఒక చెట్టు, గాలికి ఒరిగి, మంట అంటుకున్నట్లు ఎర్రని కొమ్మలు చాచి నిలబడి ఉంటుంది. చెట్టు ఎర్రగా ఉండదని మనకూ తెలుసు, ఆయనకూ తెలుసు. చెట్టు లోపల ప్రవహించే బలం ఎలాంటిదో చూపాలని ఆయన తాపత్రయం.

ఆ రోజుల్లోనే ఆయన మనసు ఇంకో దిక్కుకు తిరిగింది. 1909లో దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడిగా చేరారు. ఆ సమాజం ప్రధాన కేంద్రం మన పక్కనే మద్రాసులో, అడయారులో ఉంది. అప్పటి అధ్యక్షురాలు అనీబిసెంట్ గారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు బాలుడిగా అడయారు సముద్రతీరంలో సమాజం పెద్దల కంటపడినది కూడా ఆ 1909లోనే. మదనపల్లె బిసెంట్ కళాశాలలో చదువుకున్న మిత్రులు మన సంఘంలోనూ ఉన్నారు కనుక ఈ సంగతి చెప్పాను. కంటికి కనిపించే రూపాల వెనుక అన్నిటికీ ఆధారమైన ఒక్క క్రమం ఉన్నదనే భావన మోండ్రియాన్‌ను జీవితాంతం వదలలేదు. మనకు ఆ మాట కొత్తది కాదు. చిన్నప్పటి నుంచి వింటున్నదే. కాని ఆ మాటను రంగుతో, గీతతో నిరూపించాలని కూర్చున్న మనిషి ఆయన.

1911 చివరలో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఒక ప్రదర్శనలో పికాసో, బ్రాక్ అనే చిత్రకారుల క్యూబిస్టు చిత్రాలు ఆయన చూశారు. వస్తువును ముక్కలు చేసి, నాలుగు వైపుల నుంచీ ఒకేసారి చూసినట్లు వేసే పద్ధతి అది. అప్పటికి ఆయన వయసు 39. పెళ్ళి నిశ్చయమై ఉంది. సొంత దేశంలో పేరూ ఉంది. అన్నీ వదులుకుని పారిస్ వెళ్ళిపోయారు. 1912లో ఆ పెళ్ళి సంబంధం కూడా రద్దయింది. ఆ తరువాత ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఇంటిపేరులో మోండ్రియాన్ అని రాసేటప్పుడు రెండు అక్షరాలుగా వచ్చే 'ఏ'లో ఒకటి తీసేసి సంతకం చేయడం మొదలుపెట్టారు.

1911 నాటి బూడిద రంగు చెట్టు చూడండి. అదే ఒరిగిన చెట్టు. కాని ఎరుపు పోయింది, నీలం పోయింది. కొమ్మలు విల్లుల్లా వంగి ఒకదానినొకటి ఖండించుకుంటాయి. కొమ్మల మధ్య ఖాళీ కూడా కొమ్మంత బరువుగా ఉంటుంది. 1912 నాటి పూసిన ఆపిల్ చెట్టుకు వచ్చేసరికి పువ్వూ లేదు, కొమ్మా లేదు. ఆకుల ఆకారంలో వంపు గీతలు అల్లుకుని ఉంటాయి. పేరు చెప్పకపోతే చెట్టని పోల్చుకోలేము. చెప్పిన తరువాత మాత్రం చెట్టు తప్ప ఇంకేమీ కనిపించదు. ఈ మూడూ ఇప్పుడు హేగ్ నగరంలోని మ్యూజియంలో ఉన్నాయి.

ఈ మూడు చెట్లూ వరుసగా చూసినప్పుడే నా నవ్వు ఆగిపోయింది. మనం నదిని సర్వే చేసి ప్లాను గీసేటప్పుడు ఏం చేస్తాం? నీటి రంగు వదిలేస్తాం, ఒడ్డున రెల్లుగడ్డి వదిలేస్తాం, పడవను వదిలేస్తాం. చివరకు మట్టం, వాలు, వెడల్పు మిగులుతాయి. ఆ కాగితం నదిలా ఉండదు. కాని నది గురించి నిజం చెబుతుంది. ఆయన చేసినదీ ఇలాంటిదేననిపించింది. తేడా ఏమిటంటే మాకు లెవెలింగ్ స్టాఫ్ ఉంది, రీడింగులు ఉన్నాయి. ఆయనకు తన కన్ను తప్ప ఇంకో ఆధారం లేదు.

యుద్ధం చేసిన మేలు

1914 వేసవిలో తండ్రికి ఒంట్లో బాగాలేదని తెలిసి ఆయన హాలండ్ వచ్చారు. కొద్దివారాలలో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. పారిస్ తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయింది. వేసిన బొమ్మలు, సామాను అక్కడే ఉండిపోయాయి. 1915లో తండ్రి మరణించారు. అలా ఐదేళ్ళు సొంత దేశంలోనే చిక్కుకుపోయారు.

మళ్ళీ డోంబర్గ్ సముద్రం దగ్గర నిలబడి చూశారు. అలలు అడ్డంగా సాగుతాయి. సముద్రంలోకి పొడుచుకు వచ్చిన కట్ట నిలువుగా వెళుతుంది. 1915లో వేసిన చిత్రంలో సముద్రమంతా చిన్న చిన్న అడ్డగీతలు, నిలువుగీతలే. కూడిక గుర్తులు, తీసివేత గుర్తులు చల్లినట్లుంటుంది. ప్రకృతిలో ఉన్న సమస్తం ఈ రెండు దిశల మధ్య సమతూకమేనన్న నిర్ణయానికి ఆయన అక్కడ వచ్చారు. 1917లో తేయో వాన్ దూస్‌బర్గ్ అనే మిత్రుడు ప్రారంభించిన ద స్టైల్ పత్రికలో తన సిద్ధాంతాన్ని వ్యాసాలుగా రాశారు. సాలొమన్ స్లైపర్ అనే స్థలాల వ్యాపారి ఆ కష్టకాలంలో ఆయన చిత్రాలు వందకు పైగా కొని ఆదుకున్నారు. ఆ సేకరణ ఆయన వీలునామా ప్రకారం 1971లో హేగ్ మ్యూజియానికి చేరింది. నేను పైన చెప్పిన చెట్లను లోకం ఈనాడు ఒకేచోట చూడగలుగుతోందంటే అందులో స్లైపర్ గారి పుణ్యం చాలా ఉంది.

పూలు అమ్మి గళ్ళు వేసిన మనిషి

1919లో తిరిగి పారిస్ చేరారు. 1920, 1921 నాటికి మనం ఎరిగిన గళ్ళ చిత్రాలు వచ్చేశాయి. నల్లని గీతలు, తెలుపు, బూడిద రంగు, ఎరుపు, నీలం, పసుపు. అంతకు మించి ఏమీ వాడకూడదని తనకు తానే నియమం పెట్టుకున్నారు. ఆకుపచ్చను పూర్తిగా బహిష్కరించారు. చెట్ల వల్ల ఇంతవాడైన మనిషి, తన గదిలో పెట్టుకున్న కృత్రిమ పువ్వుకు ఆకు పచ్చగా ఉండటం ఇష్టం లేక దానికి తెల్లరంగు పూశారని చెబుతారు. ఇది చదివి నాకు మొదట కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే, చెట్టు ఆయన లోపలికి పూర్తిగా వెళ్ళిపోయింది కనుక బయట దాన్ని చూడవలసిన అవసరం లేకపోయిందేమోననిపించింది. అయినా ఆ పట్టుదల నాకు పూర్తిగా మింగుడుపడలేదని ఒప్పుకుంటున్నాను.

గళ్ళ చిత్రాలు కొనేవారు బహు తక్కువ. పొట్ట గడవడానికి ఆయన నీటిరంగులతో పూల బొమ్మలు వేసి అమ్మేవారు. తాను నమ్మిన బొమ్మ అమ్ముడుపోదు, తాను వదిలేసిన బొమ్మ అన్నం పెడుతుంది. యాభై ఏళ్ళు దాటిన మనిషికి అది ఎంత కష్టమో మనం ఊహించుకోవచ్చు. ఐనా పగలు పూలు వేశాను కదా అని గళ్ళు మానలేదు.

ఆ గళ్ళు సుళువుగా వేసినవి కావు. ఒక్కొక్క గీతను అటూ ఇటూ జరిపి, చెరిపి, మళ్ళీ వేసి వారాలు, నెలలు గడిపేవారు. దగ్గరగా చూస్తే గీతల మందం అంతటా ఒకటిగా ఉండదు. కొన్ని గీతలు అంచుదాకా పోకుండా కొంచెం ముందే ఆగుతాయి. తెలుపులో కూడా పూత మీద పూత, కుంచె నడిచిన గుర్తు తెలుస్తుంది. పెన్నులో ఇంకు ఎక్కువై గీత అరనూలు లావైనందుకు రాత్రి పదింటి దాకా కూర్చుని బ్లేడుతో గీకి మళ్ళీ గీసిన మన బ్రాంచి మిత్రులకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

పారిస్‌లో ఆయన గది కూడా ఒక చిత్రంలాగే ఉండేదట. తెల్లని గోడల మీద రంగు అట్టముక్కలు అమర్చి, వాటిని మారుస్తూ ఉండేవారు. 1930లో అలెగ్జాండర్ కాల్డర్ అనే అమెరికన్ యువకుడు ఆ గది చూసి వెళ్ళి, గాలికి కదిలే శిల్పాలు చేసి తరువాత జగత్ప్రసిద్ధుడయ్యాడు. మోండ్రియాన్ మాత్రం ఒంటరిగా, శుభ్రంగా, పొదుపుగా బతికారు. సరదా ఒక్కటే, గ్రామఫోను మీద జాజ్ సంగీతం పెట్టుకోవడం, నాట్యానికి వెళ్ళడం.

మొండితనం కూడా తక్కువేమీ లేదు. పాత మిత్రుడు వాన్ దూస్‌బర్గ్ చిత్రాలలో ఏటవాలు గీతలు వేయడం మొదలుపెట్టేసరికి ఇద్దరి మధ్య చెడింది. ఆ గుంపు నుంచి మోండ్రియాన్ తప్పుకున్నారు. ఒక ఏటవాలు గీత కోసం స్నేహం వదులుకుంటారా అని మా ఆవిడ ఉంటే అడిగేది. నా దగ్గరా సమాధానం లేదు.

అరవై ఎనిమిదో ఏట కొత్త దేశం

1937లో జర్మనీలో నాజీ ప్రభుత్వం ఆధునిక చిత్రాలను హేళన చేస్తూ మ్యూనిక్‌లో పెట్టిన ప్రదర్శనలో మోండ్రియాన్ చిత్రాలనూ చేర్చింది. మళ్ళీ యుద్ధం రాబోతోందని ఆయనకు అర్థమైంది. 1938లో పారిస్ వదిలి లండన్ చేరారు. అక్కడ బెన్ నికల్సన్, బార్బరా హెప్‌వర్త్ వంటి కళాకారులు ఆయనకు ఇరుగుపొరుగుగా ఉండి ఆదుకున్నారు. 1940లో లండన్ మీద బాంబులు పడ్డాయి. ఆయన ఉన్న చోటికి దగ్గరలోనూ పడ్డాయి. హ్యారీ హోల్ట్‌జ్‌మన్ అనే అమెరికన్ యువ చిత్రకారుడు సాయం చేయగా ఓడ ఎక్కి, అక్టోబరులో న్యూయార్క్‌లో దిగారు.

అప్పటికి ఆయన వయసు 68. భార్య లేదు, పిల్లలు లేరు, ఆస్తి లేదు, ఆరోగ్యమూ అంతంతమాత్రం. మన లెక్కలో రిటైరై పదేళ్ళు దాటిన వయసు. ఆ వయసులో కొత్త ఊరు, కొత్త దేశం.

న్యూయార్క్ వీధులు అడ్డంగా, నిలువుగా ఒకదానినొకటి కోసుకుంటూ పోతాయి. రాత్రిపూట దీపాలు, పరుగెత్తే కార్లు, బూగీ వూగీ అనే కొత్త జాజ్ సంగీతం. ఆయన మళ్ళీ విద్యార్థి అయ్యారు. రంగుల అంటుకాగితపు పట్టీలు తెచ్చుకుని, వాటిని బట్ట మీద జరుపుతూ కొత్త పద్ధతిలో చిత్రాలు కూర్చారు. 1942 జనవరిలో ఆయన ఒక్కరి చిత్రాలతో ప్రదర్శన జరిగింది. సొంతంగా ఒక్కరి పేరున అదే మొదటిది. వయసు డెబ్బైకి రెండు నెలలు తక్కువ.

1942, 1943లలో వేసిన బ్రాడ్‌వే బూగీ వూగీలో ఇరవై ఏళ్ళుగా తన గుర్తుగా నిలిచిన నల్లగీతనే తీసేశారు. దాని స్థానంలో పసుపు గీతలు, వాటి మీద ఎర్రని, నీలి, బూడిద రంగు చిన్న చదరాలు తళుకుమంటూ పరుగెడుతుంటాయి. జీవితమంతా కట్టుకున్న నియమాన్ని డెబ్బై ఏళ్ళు నిండాక సంతోషంగా సడలించుకున్న మనిషి అందులో కనిపిస్తారు. దానికి జంటగా విక్టరీ బూగీ వూగీ మొదలుపెట్టారు. అది పూర్తికాలేదు. 1944 ఫిబ్రవరి 1వ తేదీన న్యుమోనియాతో న్యూయార్క్‌లో మరణించారు. బ్రూక్లిన్‌లోని సైప్రస్ హిల్స్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆయన గదిని హోల్ట్‌జ్‌మన్ కొన్ని వారాలు జనం చూడటానికి తెరిచి ఉంచారు.

రంగు పట్టీలు ఇంకా అంటించి ఉన్న ఆ అసంపూర్ణ చిత్రాన్ని 1998లో నెదర్లాండ్స్ దేశం కోసం 8 కోట్ల గిల్డర్లు పెట్టి కొన్నారు. పూల బొమ్మలు అమ్ముకుని బతికిన మనిషి బొమ్మకు అంత ధర! 2022లో ఇంకో వింత బయటపడింది. జర్మనీలో ఉన్న ఆయన పట్టీల చిత్రం ఒకటి డెబ్బై అయిదేళ్ళకు పైగా తలకిందులుగా వేలాడుతోందని అక్కడి నిపుణురాలు తేల్చారు. ఇప్పుడు తిప్పితే పట్టీలు ఊడిపోతాయని అలాగే ఉంచారు. ఈ సంగతి చెబితే నా మనవరాలు నా వంక చూసి నవ్వింది. ఈసారి నవ్వే వంతు తనది.

సొంత మాట ఒకటి

ఈ జీవితం ఇప్పుడే ఎందుకు రాశానో చెప్పి ముగిస్తాను. మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఒంటరిగా ఉండవద్దు, ఇల్లు అమ్మేసి తమ దగ్గరకు వచ్చేయమని మా అబ్బాయి, కోడలు చాలాకాలంగా అడుగుతున్నారు. వాళ్ళది ఆరో అంతస్తు. ఇక్కడ పెరట్లో నేను ఉద్యోగంలో చేరిన ఏడాది నాటిన వేపచెట్టు ఉంది. ఆ చెట్టును వదిలి, మిమ్మల్ని వదిలి, ఈ వయసులో కొత్త ఊరేమిటని ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాను. ఇల్లు కొన్నవారు చెట్టును ఉంచుతారన్న నమ్మకమూ లేదు.

అరవై ఎనిమిదేళ్ళ ఆయన ఓడ దిగి, బజారుకు వెళ్ళి రంగు పట్టీలు కొనుక్కున్న సంగతి చదివాక నా సాకులు నాకే చిన్నవిగా కనిపించాయి. సంక్రాంతి వెళ్ళాక బయలుదేరుదామని నిర్ణయించుకున్నాను. ఈలోగా రోజూ పొద్దున్నే కుర్చీ వేసుకుని ఆ వేపచెట్టును పెన్సిలుతో గీస్తున్నాను. చేయి వణుకుతోంది. ముప్ఫై నాలుగేళ్ళు తిన్నగా గీసిన చేతికి ఇప్పుడు ఒక్క గీతా తిన్నగా రావడం లేదు. కొమ్మలకు అదే బాగుందని మనవరాలు అంటోంది. ఇప్పటికి నలభై బొమ్మలు దాటాయి. మొదటివాటిలో ప్రతి రెమ్మా వేశాను. ఈమధ్య వేసిన వాటిలో ఆకులు తగ్గుతున్నాయి.

లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఎక్కడి నుంచైనా ఇవ్వవచ్చునట కాని, నేను మాత్రం దాని వంకతో ఏడాదికోసారి మీ అందరినీ చూడటానికి వస్తాను. సభ్యత్వం రద్దు చేయవద్దని కార్యదర్శి గారికి మనవి.

సెలవు.